రాబందుల లోపము : ఒక మందు నేర్పిన పాఠము

పక్షులలో రాబందు పొందినంత నింద మఱి యే పక్షియు పొందియుండదు. పరుల చేటునకై కాచుకొని యుండువానిని "రాబందు" అని తిట్టుదుము. అది యింటిపై వ్రాలిన కీడు మూడునని భయపడువారు నేటికిని కలరు. చూచుటకు అందము లేదు, తలయు మెడయు బోడి, కూత కఠోరము, ఆహారమో, చచ్చిన పశువు. ఐనను మన పూర్వు లా జాతిని కేవలము నీచముగా తలంపలేదు. రావణు నెదిరించి, రెక్కలు తెగి, నేల కూలిన జటాయువు ఆ జాతిలోనివాడే. అతడు పడిన చోటు తమ యూరేయని అనంతపురపు సీమలోని లేపాక్షివారు నేటికిని చెప్పుకొందురు.

ఇట్టి పక్షి మన దేశమున ఇంచుమించు పదునైదేండ్లలో దాదాపు తుడిచిపెట్టుకొని పోయినది. దానిని ఎవరును వేటాడలేదు. దాని చెట్లను ఎవరును పనిగట్టుకొని నఱకలేదు. పశువుల బాధ తీర్చుటకై మంచి బుద్ధితో వాడిన యొక మందు దానిని చంపినది. అది పోయిన తరువాత మనుష్యులకును ప్రాణహాని కలిగినది. ఒక రసాయన ద్రవ్యము, ఒక పక్షుల ఉద్యానము, మన సంఘము, ఈ మూడింటికిని గల సంబంధము నీ కథ స్పష్టముగా చూపును. కావున బాలబాలికలును, పశువులను పెంచు తలిదండ్రులును దీనిని శ్రద్ధతో చదువ గోరుచున్నాను.

1. రాబందు చేయు పని

మన దేశమున పశుసంపద మిక్కుటము. 2019వ సంవత్సరపు పశుగణనమును బట్టి ఆవులును ఎద్దులును కలిసి 19 కోట్లకు పైగాను, గేదెలు దాదాపు 11 కోట్లును ఉన్నవి. వీనిలో అనేకములు ముసలితనముచేతనో రోగముచేతనో చచ్చుచుండును. చచ్చిన పశువును ఊరి వెలుపలి బీటికి ఈడ్చివేయుట పల్లెలలో పూర్వమునుండి వచ్చిన యాచారము. చర్మకారులు తోలు తీసికొనెడివారు. మాంసము రాబందుల పాలయ్యెడిది. మిగిలిన యెముకలను ఏఱుకొని యమ్మి జీవించువారును కొందఱుండిరి.

రాబందునకు కళేబరము ఎట్లు తెలియును? వాసనచేత నని పలువురు తలంతురు. మన దేశపు రాబందులు వాసనచేత గాక కంటిచూపుచేతనే ఆహారమును కనుగొనును. ఎండకు వేడెక్కిన గాలి నేలనుండి పైకి లేచునప్పుడు, ఆఱేడడుగుల వెడల్పు గల తమ రెక్కలను చాపి, ఆ గాలిపై తేలుచు, రెక్క లాడింపకయే మిక్కిలి యెత్తునకు పోవును. అచ్చట ఒక్కొక్కటి క్రింది నేలను చూచుచు, ప్రక్కన తేలుచున్న తన తోటి పక్షులనుగూడ కనిపెట్టుచుండును. ఒకటి దిగినచో దానిని చూచి రెండవది దిగును. రెండవదానిని చూచి మఱి నాలుగు దిగును. ఇట్లు కొంతసేపటిలోనే పదులకొలది రాబందు లొకచోట చేరును. పెద్ద గుంపు చేరినచో ఒక యెద్దు కళేబరమును గంటలోపల ఎముకలు మాత్రము మిగులునట్లు చేయగలదు. మనము అసహ్యించుకొను ఆ బోడిమెడయు నిష్కారణముగా ఏర్పడలేదు. కళేబరము లోనికి తల దూర్చి తినునపుడు, దట్టమైన ఈకలున్నచో రక్తమాంసములు వానికి అంటి క్రుళ్లును.

ఈ పక్షి కడుపులోని ఆమ్లము మిక్కిలి తీక్ష్ణమైనది. క్రుళ్లిన మాంసమందలి సూక్ష్మజీవులు పెక్కు దానిలో నశించును. దొమ్మరోగముచే చచ్చిన పశువును తిన్నను రాబందునకు చేటు కలుగదు. కుక్కయు ఎలుకయు అదే మాంసమును తిన్నచో రోగమును మోసికొని ఊరిలోనికి వచ్చును. కావున రాబందు జీతము లేని ఆరోగ్యోద్యోగి వంటిది. 1980వ దశకములో ఇట్టి పక్షులు మన దేశమున కోట్లకొలది యుండెడివి. పెద్దవగు మాంసాహార పక్షులలో తెల్లవీపు రాబందే బహుశః ప్రపంచమునందెల్ల అత్యధిక సంఖ్య గలదని ఆనాటి పక్షిశాస్త్రజ్ఞులు తలంచిరి. అంత సమృద్ధిగా నున్నదానిని ఎవరు లెక్కపెట్టుదురు? ఐనను ఒకచోట కొందఱు లెక్కపెట్టిరి.

2. ఉద్యానమున వ్రాసిన లెక్క

రాజస్థానములోని భరత్‌పూరు నగరమునకు చేరువ కేవలాదేవ్ జాతీయోద్యానము కలదు. అది పూర్వము ఆ సంస్థానపు రాజులు బాతులను వేటాడు స్థలము. విస్తీర్ణము 29 చదరపు కిలోమీటర్లు మాత్రమే. దానిని 1985లో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించిరి. దూరదేశములనుండి వలస వచ్చు నీటిపక్షులకు అది ప్రసిద్ధము. అందలి పెద్దచెట్లపై తెల్లవీపు రాబందులును గూళ్లు కట్టుచుండెను.

1883లో స్థాపింపబడిన బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమునకు చెందిన విభు ప్రకాశ్ అను శాస్త్రజ్ఞుడు 1980వ దశకములో ఈ ఉద్యానమున మాంసాహార పక్షులను పరిశీలించుచు, ఏ చెట్టుపై ఎన్ని గూళ్లున్నవో వ్రాసిపెట్టెను. అప్పు డచ్చట మూడువందలకు పైగా రాబందు జంటలు గూళ్లు కట్టెను. దాదాపు పదేండ్లకు ఆయన మఱల వచ్చి చూచునప్పటికి గూళ్లలో సగమైనను లేవు. మఱి రెండుమూడేండ్లలో మిగిలినవియు మిక్కిలి తగ్గిపోయెను. కొమ్మలపై కూర్చున్న పక్షులు మెడలు వ్రేలవేసి, జబ్బుపడినవానివలె రోజులకొలది కదలక యుండెను. చెట్లక్రింద చచ్చిన పక్షులు పడియుండెను.

ఈ లోటు ఒక్క భరత్‌పూరుననే కలదా, దేశమంతటను కలదా? 1990వ దశకారంభమున ఏయే మార్గములవెంట పోయి రాబందులను లెక్కించిరో, ఆ మార్గములవెంటనే మఱల పోయి లెక్కించిరి. 1992 మొదలు 2007 వఱకు గల పదునైదేండ్లలో తెల్లవీపు రాబందులు నూటికి 99.9 వంతున తగ్గెనని తేలినది. అనగా వేయింటికి ఒకటి మిగిలెను. పొడవుముక్కు రాబందు, సన్నముక్కు రాబందు అను తక్కిన రెండు జాతులును కలిసి నూటికి దాదాపు 97 వంతున తగ్గెను.

ఇచ్చట ఉద్యానము చేసిన సాహాయ్యము గమనింపదగినది. ఉద్యానపు గోడ రాబందును కాపాడలేకపోయెను. ఏలయన గూడు లోపల నున్నను ఆహారము వెలుపల నున్నది. ఆ పక్షి దినమునకు పెక్కు మైళ్ల దూరము పోయి తిని వచ్చును. ఐనను శాంతముగా కూర్చుండి, ఏటేట ఒకే తీరున లెక్క వ్రాయుటకు వీలైన స్థలము ఆ ఉద్యానము. ఆ పాత లెక్క లేకపోయినచో "ఒకప్పుడు రాబందులు ఎక్కువగా నుండెడివి" అని ముసలివారు చెప్పుటయు, పడుచువారు నమ్మకపోవుటయు తప్ప మఱేమియు జరిగియుండదు. ప్రకృతిని కాపాడు ఉద్యానములు విహారమునకు మాత్రమే యేర్పడినవని తలంచువారు దీనిని ఆలోచింపవలెను. అవి సంఘము యొక్క దస్తరములు. ఏది యెంత యుండెనో అచ్చట వ్రాసియున్నప్పుడే ఏది పోయెనో మనకు తెలియును.

3. కారణమును వెదకుట

పక్షులు చచ్చుచున్నవని తెలిసినను ఏల చచ్చుచున్నవో చాలకాలము తెలియలేదు. కొందఱు అంటురోగమనిరి. కొందఱు పొలములలో చల్లు పురుగుమందు లనిరి. ఆహారము చాలలేదని మఱికొందఱనిరి. ఆహారము తక్కువ కాలేదు, కళేబరము లెప్పటివలెనే పడియుండెను, తినువారే లేకపోయిరి.

మన పొరుగుదేశమైన పాకిస్తానములోను ఇట్లే జరుగుచుండెను. అచ్చటి పంజాబు సీమలో లిండ్సే ఓక్స్ అను అమెరికా పశువైద్య శాస్త్రజ్ఞుడును, ఆయన తోడివారును, చచ్చిన రాబందులను కోసి పరీక్షించిరి. చాల పక్షులలో గుండె, కాలేయము మొదలగు అవయవములపై సున్నము పూసినట్లు తెల్లని పూత కనబడెను. అది యూరికామ్లము. దీనిని గూర్చి కొంచెము చెప్పవలసియున్నది. మన శరీరమందలి మలినములలో కొన్నింటిని మూత్రపిండములు యూరియా రూపమున నీటితో కలిపి బయటకు పంపును. పక్షులు అట్లు గాక ఆ మలినమును యూరికామ్లముగా మార్చి విసర్జించును. కోడిరెట్టలో కనబడు తెల్లని భాగము ఇదియే. మూత్రపిండములు చెడిపోయినచో ఆ తెల్లని పదార్థము వెలికి పోజాలక లోపలి అవయవములపై పేరుకొనును; పక్షి చచ్చును.

మూత్రపిండములు చెడినవని ఇట్లు తెలిసినది. వానిని చెఱచిన దేది? సూక్ష్మజీవుల కొఱకు వెదకిరి, దొరకలేదు. పురుగుమందుల కొఱకును, సీసము మొదలగు లోహముల కొఱకును వెదకిరి, దొరకలేదు. అప్పుడు వా రొక సులభమైన ప్రశ్న వేసికొనిరి: రాబందు తినునది పశువును గదా, పశువునకు మనము పెట్టునది యేమి? అంగళ్లకును పశువైద్యుల యొద్దకును పోయి, ఇటీవల వాడుకలోనికి వచ్చినదియు, కడుపులోనికి పోయినను రక్తమున చేరునదియు, మూత్రపిండములకు హాని చేయగలదియు నగు మందు ఏదని విచారించిరి. ఆ మూడు లక్షణములును గల మందు ఒకటి కనబడెను. దాని పేరు డైక్లోఫినాక్.

ఇది నొప్పిని, వాపును, జ్వరమును తగ్గించు మందు. మనుష్యులకు కీళ్లనొప్పులకు నేటికిని ఇచ్చుచున్నారు. 1990వ దశకములో ఇది చవుకయై, మన దేశమున పశువులకును విరివిగా వాడుకలోనికి వచ్చెను. కుంటుచున్న ఎద్దునకు ఒక సూదిమందు వేసినచో మఱునాడు కాడి మోయును. పొదుగువాపు గల గేదెకు బాధ తగ్గును. పేదరైతున కింతకంటె మేలైన దేమున్నది?

ఓక్స్ బృందమువారు మూత్రపిండములు చెడి చచ్చిన 25 రాబందులను పరీక్షింపగా 25లోను ఈ మందు కనబడెను. వేఱు కారణములచే చచ్చిన 13 రాబందులను పరీక్షింపగా ఒక్కదానిలోను లేదు. పిమ్మట ఈ మందు వేసిన పశువుల మాంసమును పెంపుడు రాబందులకు పెట్టి చూడగా అవియు అదే విధముగా చచ్చెను. ఈ సంగతిని వారు 2004లో ప్రకటించిరి. ఒక దేశమున లెక్క వ్రాసినవాడును, మఱియొక దేశమున కోసి చూచినవాడును లేకున్నచో ఈ చిక్కు విడియుండెడిది కాదు.

4. కొలది మందు, గొప్ప చేటు

ఇచ్చట బుద్ధిమంతుడగు విద్యార్థి యొక ప్రశ్న వేయవచ్చును: "ఈ మందును పశువులన్నింటికి వేయరు గదా! వేసినను కొలది దినములలో పశువు శరీరమునుండి అది పోవును గదా! అట్లయినచో రాబందులన్నియు ఏల చావవలెను?"

ప్రశ్న సమంజసమైనదే. మందు వేసిన పశువు బ్రతికినచో దానివలన రాబందునకు హాని లేదు. కాని ఏ పశువునకు మందు వేయుదుము? జబ్బుపడినదానికి. జబ్బుపడినవానిలో కొన్ని మఱునాడో మూడవనాడో చచ్చును. అట్టి కళేబరములోనే మందు నిలిచి యుండును. 2004, 2005 సంవత్సరములలో మన దేశమున పెక్కుచోట్ల కళేబరములను పరీక్షింపగా నూటికి దాదాపు పదింటిలో ఈ మందు కనబడెను. రాబందుజాతి యంతటి వేగముగా నశించుటకు నూటికి ఒక్క కళేబరమైనను విషపూరితము కానక్కఱలేదని శాస్త్రజ్ఞులు గణితముచే తేల్చిరి. ఏలయన రాబందులు గుంపుగా తినును. ఒక్క కళేబరము పదులకొలది పక్షులను చంపగలదు.

రాబందు సంతానవృద్ధి మిక్కిలి మందము. ఏటికి ఒక్క గ్రుడ్డు మాత్రమే పెట్టును. పిల్ల పెరిగి తానొక గ్రుడ్డు పెట్టుటకు నాలుగైదేండ్లు పట్టును. దీర్ఘాయువే ఆ జాతికి బలము. ఏటేట పెద్దపక్షులు పెక్కు చచ్చినచో ఆ లోటు తీఱుట అసాధ్యము. పిచ్చుకవలె ఏటికి పలుమాఱులు గ్రుడ్లు పెట్టు పక్షియైనచో కొంత తట్టుకొనియుండునేమో.

ఒకే ద్రవ్యము మనుష్యునకు ఔషధము, ఎద్దునకు ఔషధము, రాబందునకు విషము. ద్రవ్యమునందు మంచి చెడ్డలు స్థిరముగా లేవు. అది యెవరి శరీరమున, ఎంత మాత్ర, ఏ మార్గమున చేరునో దానిని బట్టి యుండును. రసాయనశాస్త్రము చదువు విద్యార్థు లీ సూత్రమును మనస్సున నిలుపుకొనవలెను.

5. సంఘము చెల్లించిన వెల

రాబందులు పోగా కళేబరములు ఊరి వెలుపల క్రుళ్లజొచ్చెను. ఆ మాంసమునకు కుక్కలును ఎలుకలును చేరెను. కుక్కలు రాబందులవలె త్వరగాను పూర్తిగాను తినజాలవు; కాని ఆ తిండివలన వాని సంఖ్య పెరిగినది. కుక్కలు పెరిగినకొలది కాటులును పెరుగును. పిచ్చికుక్క కాటువలన కలుగు రేబీస్ అను జలభయరోగము, లక్షణములు కనబడిన పిమ్మట, దాదాపు తప్పక ప్రాణము తీయును. కళేబరముల రసము వానకు కొట్టుకొనిపోయి చెఱువులలోను వాగులలోను చేరుటవలన నీరును చెడును. ఎముకలు ఏఱుకొని జీవించువారికి శుభ్రమైన యెముకలు దొరకుట కష్టమయ్యెను. బొంబాయి నగరములోని పారసీకులు మృతదేహములను పక్షులకు విడుచు మౌనగోపురములయందు పక్షులు లేక, వా రెండవేడిమిని కేంద్రీకరించు అద్దములను ఏర్పఱుపవలసి వచ్చెను. తరతరముల ధర్మాచారము ఒక మందువలన చిక్కుపడినది.

ఈ నష్టమును అంకెలలో చూపుటకు ఇయల్ ఫ్రాంక్, అనంత్ సుదర్శన్ అను ఇద్దఱు అర్థశాస్త్రజ్ఞులు ప్రయత్నించిరి. వారి పరిశోధనము 2024లో ప్రకటితమైనది. పూర్వము రాబందులు సమృద్ధిగా నుండుటకు తగిన జిల్లాల నొకప్రక్కను, తగని జిల్లాల నొకప్రక్కను ఉంచి, రాబందులు పోకమునుపును పోయిన తరువాతను గల మరణముల రేటును వారు పోల్చి చూచిరి. రాబందులు పోయిన జిల్లాలలో మనుష్యుల మరణములు నూటికి నాలుగు వంతులకు పైగా హెచ్చినవి. 2000 మొదలు 2005 వఱకు గల కాలములో ఏటికి సుమారు లక్షమంది చొప్పున అయిదు లక్షలమంది అధికముగా మరణించిరని వారి యంచనా. ఇది గణితముచే తేలిన అంచనాయే గాని ఒక్కొక్కరిని పేరుపేరున లెక్కించినది కాదు. ఐనను అందులో పదియవ వంతే నిజమనుకొన్నను ఎంత ఘోరము! చచ్చినవారిలో ఒక్కరైనను తమ మరణమునకు రాబందులు లేకపోవుట కారణమని యెఱుగరు.

6. దిద్దుబాటు

తప్పు తెలిసిన తరువాత దిద్దుకొనుట కొంత వేగముగనే జరిగినది. 2006లో భారతదేశము, నేపాళము, పాకిస్తానము పశువుల కొఱకు డైక్లోఫినాక్ తయారుచేయుటను నిషేధించెను. 2010లో బంగ్లాదేశము ఆ మార్గమునే అనుసరించినది. పశువులకు నొప్పి తగ్గించు మందే లేకుండచేయుట న్యాయము కాదు గదా! అందుచే శాస్త్రజ్ఞులు మెలాక్సికామ్ అను మఱియొక మందును పరీక్షించి, అది పశువునకు మేలును, రాబందునకు క్షేమమును అగునని స్థాపించిరి.

చట్టము చేసిన మాత్రమున పని ముగియలేదు. మనుష్యుల కొఱకు తయారగు డైక్లోఫినాక్ పెద్దసీసాలు కొని పశువులకు వాడుట సాగెను. కావున 2015లో మనుష్యుల సూదిమందును 3 మిల్లీలీటర్ల చిన్నసీసాలలో, ఒక్కసారికి సరిపడునట్లు మాత్రమే అమ్మవలెనని కేంద్రప్రభుత్వము నిర్ణయించినది. ఇతర మందులలోను కొన్ని రాబందులకు విషములని తేలినది. వానిలో ఎసిక్లోఫినాక్ విచిత్రమైనది. అది పశువు శరీరమున ప్రవేశించి తానే డైక్లోఫినాక్‌గా మారును. దానిని, కీటోప్రోఫెన్ అను దానిని 2023లో పశువులకు వాడకుండ నిషేధించిరి. నిమెసులైడ్ అను మందును 2024 తుదిని నిషేధించిరి. ఒక మందునకు పదునెనిమిదేండ్ల పిమ్మట దాని బంధువులను పట్టుకొన్నారన్న మాట. ముందే పరీక్షించి వాడుకకు విడిచియున్నచో ఎంత బాగుండెడిది!

ఉన్న పక్షులను కాపాడి పెంచుటకై హర్యానాలోని పింజోరు నందును, బెంగాలు, అస్సాము మొదలగు సీమలందును పెంపక కేంద్రము లేర్పడినవి. మన హైదరాబాదు నెహ్రూ జంతుప్రదర్శనశాలయందును రాబందులను పెంచు ప్రయత్నము కలదు. ఏటికి ఒక్క గ్రుడ్డు పెట్టు పక్షిని పెంచుట ఎంత యోర్పుతో కూడిన పనియో చెప్పనక్కఱలేదు. తెలంగాణములో కొమురం భీము ఆసిఫాబాదు సీమయందు, బెజ్జూరు అడవులలో, పాలరాపు గుట్ట యను నిటారైన కొండచఱియపై పొడవుముక్కు రాబందులు గూళ్లు కట్టియుండుటను 2013లో కనుగొనిరి. కర్ణాటకములోని రామనగరము కొండలను 2012లో రాబందుల ఆశ్రయస్థానముగా ప్రకటించిరి. నేపాళమున కొన్ని గ్రామములవారు ముసలి పశువులను చేరదీసి, విషపు మందులు వేయక పోషించి, అవి సహజముగా చచ్చిన పిమ్మట రాబందులకు ఆహారముగా ఉంచుచున్నారు. ఇట్టి ప్రయత్నములవలన క్షీణత చాలవఱకు మందగించినది. కాని పోయిన కోట్ల పక్షులు తిరిగి వచ్చుటకు ఎన్ని తరములు పట్టునో!

7. మనము చేయదగినది

ఇది పెద్దపెద్ద శాస్త్రజ్ఞుల పని, మనకేమి సంబంధ మని విద్యార్థు లనుకొనరాదు. మన పాఠశాలలలో చదువు బాలబాలికలలో పలువురి యిండ్ల ఆవులు, గేదెలు కలవు. పశువునకు జబ్బు చేసినపుడు పశువైద్యుని పిలిపింపుడు. నొప్పికి ఏ సూదిమందు వేయుచున్నారో దాని పేరు అడిగి, మీ పుస్తకమున వ్రాసికొనుడు. చదువు రాని తలిదండ్రులకు సీసాపైని పేరు చదివి చెప్పుట మీ విధి. రాబందులకు హాని చేయని మెలాక్సికామ్ వాడ వీలగునా యని వినయముతో వైద్యుని అడుగుడు. మనుష్యుల కొఱకైన మందును అంగడినుండి తెచ్చి పశువునకు వేయవలదు. మందు వేసిన పిమ్మట చచ్చిన పశువును బయట పాఱవేయక లోతుగా పాతిపెట్టుడు. కుక్కలను, చిఱుతలను చంపుటకై కళేబరములందు విషము పెట్టుట మహాపాపము. దానివలన ఆ మాంసము తిన్న ప్రతి ప్రాణియు చచ్చును.

మఱియొక పని కలదు. మీ యూరి చెట్లపై, చెఱువుగట్లపై ఏయే పక్షులున్నవో, ఎన్ని యున్నవో, తేదీతో సహా ఒక పుస్తకమున వ్రాయుడు. వచ్చే యేడు అదే నెలలో మఱల వ్రాయుడు. భరత్‌పూరునందు జరిగిన పని మొదట ఇంతకంటె గొప్పది కాదు. ఎప్పుడు ఏ లెక్క ఎవరికి ఉపయోగపడునో ముందుగా ఎవరు చెప్పగలరు?

చివర నొక్క మాట. రాబందు మన సేవ చేసినంతకాలము దానిని అసహ్యించుకొంటిమి. పోయిన పిమ్మట దాని విలువ లెక్కవేసితిమి. మన యూళ్లను, వీధులను శుభ్రముచేసి బ్రతుకు మనుష్యులును కలరు. వారి పనిని చూచి ముక్కు మూసికొని, వారిని దూరముగా నుంచు అలవాటు మనలో ఇంకను పూర్తిగా పోలేదు. మురికిని తొలగించువాడు మురికివాడు కాడు. అతని వలననే తక్కినవారు శుభ్రముగా నున్నారు. సృష్టిలో దేనిని ఏ పనికై దేవు డుంచెనో తెలిసికొనకమునుపే తృణీకరించు గర్వమును విడుచుట, ఏ క్రొత్త వస్తువునైనను వాడుటకు ముందు అది యెవరికి చేరునో విచారించుట, ఈ రెండును రాబందు మనకు నేర్పిన పాఠములు. వాని వెల మిక్కిలి యెక్కువగా చెల్లించియున్నాము. కావున మఱవకుందము గాక.